టిబెట్ శరణార్థి అయిన పెద్దావిడకు కౌన్సెలింగ్: నేను ఎక్కడ తొందరపడ్డాను?

ప్రశ్న: నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో తొమ్మిదేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్న సైకాలజిస్టును. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది పరీక్షల భయంతో నలిగిపోయే పిల్లలు, తాగుడు మానలేని మగవారు, ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ రోగుల ఇళ్లవారు. వారి భాష నాది, వారి పండుగలు నావి. "గాబరాగా ఉంది" అన్న మాటకూ, "బెంగ పెట్టుకున్నాను" అన్న మాటకూ, "జడుసుకున్నాను" అన్న మాటకూ మధ్య తేడా ఏమిటో నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ ధీమా ఈ చలికాలంలో మొదటిసారిగా సడలింది.

పర్లాకిమిడి దాటి వెళితే ఒడిశాలోని గజపతి జిల్లా కొండల్లో చంద్రగిరి ఉంది. అక్కడ 1963 నుంచి టిబెట్ శరణార్థుల స్థావరం ఉన్న సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అక్కడి కుటుంబాలవారు చలికాలంలో స్వెట్టర్లు అమ్ముకోవడానికి ఊరూరా తిరుగుతారు. అలా మా వైపు వచ్చిన ఒక పెద్దావిడను ఆమె కూతురు నా దగ్గరకు తీసుకువచ్చింది. ఇక్కడ రాయడానికి ఆ ఇద్దరి అనుమతీ తీసుకున్నాను, కొన్ని వివరాలు మార్చాను.

పెద్దావిడ వయసు అరవై ఐదు దాటింది. 1959లో టిబెట్‌లో తిరుగుబాటును చైనా అణచివేసిన తరువాత, నడక కూడా సరిగా రాని వయసులో, తల్లి వీపున కట్టుకుని హిమాలయాలు దాటించిందట. ఇప్పుడు ఆమె చెప్పే బాధ ఒక్కటే: "గాలి గుండెలోకి ఎక్కింది." తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వస్తుంది, ఛాతీ మీద రాయి పెట్టినట్టు ఉంటుంది, మళ్లీ నిద్ర పట్టదు. నేను అలవాటు ప్రకారం కుంగుబాటును కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టికను తీసి, గత రెండు వారాల్లో నిరాశగా అనిపించిందా, పనుల మీద ఆసక్తి తగ్గిందా అని ఒక్కొక్కటే అడిగాను. కూతురు అనువాదం చేసింది. నిద్ర గురించిన ప్రశ్నకు తప్ప అన్నింటికీ "లేదు" అన్న జవాబే వచ్చింది. రెండవసారి వచ్చినప్పుడు, మూలం అక్కడే ఉండి ఉంటుందన్న నమ్మకంతో, కొండలు దాటిన నాటి సంగతులు చెప్పమన్నాను. పెద్దావిడ రెండు మాటలు చెబితే కూతురు పది మాటలు చెప్పింది, చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. తల్లి ఆమె వీపు నిమిరి, ఏదో అని, లేచి నిలబడింది. మరుసటి వారం రాలేదు. ఫోన్ చేస్తే "అమ్మకు దుకాణంలో పని ఉంది" అన్నారు.

నేను చదువుకున్న చికిత్సలో తప్పు లేదని నాకు తెలుసు. అది ఈమెకు ఎందుకు అందలేదో అర్థం కావడం లేదు. కథ అడగడం పొరపాటా? కూతురిని అనువాదానికి పెట్టుకోవడం పొరపాటా? గుండెలోకి ఎక్కిన గాలి అంటే నేను ఏమని అర్థం చేసుకోవాలి? ఇటువంటివారితో పనిచేసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: కోట బురుజు (విజయనగరం)

నేను మానసిక వైద్యుడిగా పనిచేసి విరమణ పొందినవాడిని. మీరు అడిగిన మూడు ప్రశ్నల కంటే ముందు, మీరు అడగని ఒక విషయం చెప్పాలి. అరవై ఐదేళ్లు దాటిన మనిషి ఛాతీ మీద బరువు అన్నప్పుడు ఈసీజీ తీయించారా? రక్తపోటు, రక్తహీనత, థైరాయిడ్ చూపించారా? పరాయి సంస్కృతివారు బాధను శరీరం ద్వారా చెప్పుకుంటారని మనం పుస్తకాల్లో చదువుకుంటాం, అది నిజం కూడా. అయితే ఆ చదువే ఒక్కోసారి నిజమైన గుండెజబ్బును కప్పేస్తుంది. ఆమె మాటను పూర్తిగా నమ్మడం అంటే ముందుగా ఆమె ఛాతీని పరీక్షించడం.

ఇక గాలి సంగతి. టిబెట్ సంప్రదాయ వైద్యం మన ఆయుర్వేదానికి దగ్గరి చుట్టం. మనకు వాత, పిత్త, కఫాలు ఉన్నట్టే వారికి లుంగ్, ట్రిపా, బేకెన్ అని మూడు ఉన్నాయి. లుంగ్ అంటే వాయువు, మనసు ఆ వాయువు మీద స్వారీ చేస్తుందని వారి భావన. దుఃఖం, అతిగా ఆలోచించడం, ఆకలికి మాడటం, నిద్ర చెడటం వంటివాటి వల్ల ఆ వాయువు చెదిరి గుండెను పట్టుకుంటే దానిని ప్రాణవాయువు వ్యాధిగా, వారి మాటలో సోగ్ లుంగ్ అని లెక్కిస్తారు. కాబట్టి ఆవిడ మీకు అస్పష్టంగా ఏమీ చెప్పలేదు. తన వైద్యశాస్త్రం ప్రకారం రోగం పేరు, అది ఉన్న చోటు రెండూ చెప్పింది. వాతం చేసింది అని మన పెద్దవాళ్లు అంటే మనం ఎంత సహజంగా తీసుకుంటామో, దీనినీ అంతే సహజంగా తీసుకోవచ్చు. ఈ పోలిక మీకు ఒక వరం. అమెరికాలో కూర్చున్న చికిత్సకుడికి ఈ తలుపు లేదు.

పట్టికకు వచ్చిన "లేదు" గురించి. కూతురి ఎదుట ఏ తల్లి అయినా "నాకు బతుకు మీద ఆశ లేదు" అంటుందా? మన పల్లెల్లో మాత్రం అంటారా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తరువాత నేను ఉద్దానం ఊళ్లకు వెళ్లాను. "మీకు ఎలా ఉంది" అని అడిగితే అందరూ బాగానే ఉన్నామన్నారు. "చెట్లు ఎన్ని పోయాయి" అని అడిగిన తరువాత ఒక రైతు నన్ను తోటలోకి తీసుకువెళ్లి, పడిపోయిన కొబ్బరిచెట్లను ఒక్కొక్కటిగా చూపిస్తూ, ఏ చెట్టు ఏ బిడ్డ పుట్టిన ఏడాది నాటిందో చెప్పాడు. ఆ రోజు నేను అడగదలచిన ప్రశ్నలన్నింటికీ జవాబులు ఆ తోటలోనే దొరికాయి. పట్టికను పారేయమని నేను అనను, తరువాత మార్పును కొలవడానికి అది పనికొస్తుంది. మొదటి పరిచయానికి మాత్రం అది సరైన వాకిలి కాదు.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎం-5లో, అంటే మానసిక రుగ్మతలను నిర్ధారించే గ్రంథంలో, సంస్కృతిని అర్థం చేసుకోవడానికి 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఒకటి ఉంది. దానిని వరసపెట్టి చదవకుండా, దాని సారాన్ని మన మాటల్లో అడగండి. "ఈ బాధను మీ వాళ్లలో ఏమంటారు? ఎందుకు వచ్చిందని మీరు అనుకుంటున్నారు? ఇంట్లోవాళ్లు ఏమనుకుంటున్నారు? ఇంతకుముందు ఇలా వస్తే ఏం చేసేవారు, ఎవరి దగ్గరకు వెళ్లేవారు? ఇప్పుడు మీకు అన్నింటికంటే ఏది సాయం చేస్తుందనిపిస్తోంది?" ఆమె తమ వైద్యుడిని, అంటే ఆమ్చిని, సంప్రదిస్తోందేమో కూడా తెలుసుకోండి. చెదిరిన వాయువుకు వారు వెచ్చని బలమైన ఆహారం, నూనె మర్దన, విశ్రాంతి, ఇష్టమైనవారి సాన్నిధ్యం చెబుతారు. ఇందులో మనం కాదనవలసినది ఏముంది? ఆమె వాడే మందుల పేర్లు మాత్రం రాసి పెట్టుకోండి, డాక్టరు ఇచ్చే మాత్రలతో కలిపి వాడేటప్పుడు అవసరం పడుతుంది.

మరొక జాగ్రత్త. మనం అందరికీ అలవాటుగా నేర్పే శ్వాస వ్యాయామాన్ని ఈమెకు అడగకుండా నేర్పవద్దు. ధ్యానంలో శ్వాసను బలవంతంగా నడిపితే లుంగ్ ముదురుతుందని వారి సంప్రదాయం గట్టిగా హెచ్చరిస్తుంది. మీరు మేలు చేద్దామని ఇచ్చినది ఆమెకు రోగాన్ని పెంచే పనిగా తోచవచ్చు.

జవాబు: చంపావతి (విజయనగరం, ప్రస్తుతం హైదరాబాదు)

పై జవాబులోని ప్రతి మాటతోనూ ఏకీభవిస్తున్నాను. నేను హైదరాబాదులో, బాలాపూర్ చుట్టుపక్కల ఉండే, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థి కుటుంబాలతో సామాజిక కార్యకర్తగా కొన్నేళ్లు పనిచేశాను. అనువాదం గురించి నాకు తెలిసినది చెబుతాను, ఎందుకంటే మీ రెండవ సమావేశం విఫలమైనది అక్కడే అని నాకు అనిపిస్తోంది.

కన్నబిడ్డను అనువాదకురాలిగా కూర్చోబెడితే మీ గదిలో ఒక రోగి, ఒక అనువాదకురాలు ఉండరు. ఒకరినొకరు కాపాడుకోవాలని చూసే ఇద్దరు రోగులు ఉంటారు. తల్లి చెప్పని విషయాన్ని కూతురు మొదటిసారి వింటుంది, విన్నదాన్ని వెంటనే మరొక భాషలో తన నోటితో పలకవలసి వస్తుంది. కూతురు ఏడ్చిన క్షణంలో ఆ పెద్దావిడ రోగి కావడం మానేసి తల్లి అయింది, బిడ్డను ఇంటికి తీసుకువెళ్లింది. మీరు ఆమె స్థానంలో ఉన్నా అదే చేసేవారు.

అలాగని కూతురిని ఒక్కసారిగా బయట కూర్చోమంటే అవమానంగా తోచవచ్చు. ఎవరు ఉండాలో పెద్దావిడనే అడగండి. మొదటి పది నిమిషాలు ముగ్గురూ కలిసి టీ తాగుతూ మాట్లాడుకుని, తరువాత కూతురు బయట కూర్చునే పద్ధతి మా దగ్గర బాగా నడిచింది. అనువాదకులుగా స్థావరంలోని మనిషిని పెట్టుకోవద్దని నా సలహా, అది చిన్న లోకం, ఈరోజు చెప్పిన మాట రేపు గుడి మెట్ల మీద వినిపిస్తుందన్న భయం ఉంటుంది. దూరప్రాంతంలో ఉండే, టిబెటన్ భాష తెలిసిన మనిషితో ఫోన్‌లో, పేర్లు చెప్పుకోకుండా మాట్లాడించవచ్చు. ముందుగా ఆ వ్యక్తితో పావుగంట కూర్చుని, "ఆమె 'నేను' అంటే మీరూ 'నేను' అనే అనండి, సంక్షిప్తం చేయకండి, సలహాలు కలపకండి, అర్థం కాని మాటను అలాగే నాకు ఇవ్వండి" అని చెప్పాలి. మీ చూపు ఫోన్ మీద కాకుండా పెద్దావిడ ముఖం మీదే ఉండాలి. సమావేశం ముగిశాక అనువాదకులతోనూ ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడండి, అవతలివారి దుఃఖాన్ని ఉత్తమ పురుషలో పలికిన మనిషికి అది ఊరికే పోదు.

మాటలను అలాగే ఇవ్వమనడానికి ఒక కారణం ఉంది. రోహింగ్యా స్త్రీలు తమ బాధను "ఒశాంతి లాగెర్", "సింతా లాగెర్" అని చెప్పేవారు. మొదట్లో మా అనువాదకుడు దానిని "డిప్రెషన్ అంటోంది" అని తేల్చేసేవాడు. ఒకరోజు అసలు మాట చెవిన పడింది. అశాంతి, చింత! మన ఇంట్లో వాడుకునే మాటలే. ఆ తరువాత నేను "అశాంతి ఎప్పుడు ఎక్కువవుతుంది" అని అడగడం మొదలుపెట్టాను, జవాబులు వేరుగా రాసాగాయి.

ఇప్పుడు కాగితాల విషయం. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద గాని, 1967 నాటి ప్రొటోకాల్ మీద గాని సంతకం చేయలేదు. టిబెటన్లకు ప్రభుత్వం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇస్తుంది, గడువు తీరినప్పుడల్లా దానిని పొడిగించుకోవాలి. మా రోహింగ్యాల చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు ఉండేది, అది పోతుందేమోనన్న భయంతోనే నిద్రలేని ఇళ్లు చూశాను. ఇలా బతికినవారికి బల్ల వెనుక కూర్చుని ఫారం నింపే మనిషి ఎవరైనా అధికారిలాగే కనిపిస్తారు. మీరు మొదటి రోజు పేరు, పుట్టిన ఊరు, పుట్టిన తేదీ అడిగి రాసుకున్నారా? వాటిని ఎందుకు అడుగుతున్నారో, ఎవరికి చూపిస్తారో, ఎవరికి చూపించరో చెప్పారా? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్యం పొందే హక్కును "ప్రతి వ్యక్తికీ" ఇచ్చింది, పౌరులకు మాత్రమే అనలేదు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచే హక్కునూ ఇచ్చింది. ఈ రెండు మాటలు నిదానంగా, ఆమె భాషలో చెప్పించండి.

ఆశ్రయం కోసం దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్నవారు మీ దగ్గరకు వస్తే ఇంకొక చిక్కు ఉంటుంది. వారి కథలో తేదీలు ఒకసారి చెప్పినట్టు మరొకసారి ఉండవు. భయంలో నమోదైన జ్ఞాపకం వరుస తప్పి ఉంటుంది, అది అబద్ధానికి గుర్తు కాదు. విచారణ అధికారి అడిగినట్టు మనమూ "అప్పుడు వేరేగా చెప్పారే" అని అడిగితే ఆ గది కూడా ఒక కార్యాలయం అయిపోతుంది. హింస ఆనవాళ్లను నివేదికగా రాయవలసి వస్తే దానికి ఇస్తాంబుల్ ప్రొటోకాల్ అనే అంతర్జాతీయ పద్ధతి ఉంది. ఆ నివేదికను, చికిత్సను వేర్వేరు మనుషులు చేయడం మేలని నా అనుభవం.

చివరగా మీ కథ ప్రశ్న. జీవితాన్ని తాడుగా పరిచి, మంచి రోజులకు పువ్వులు, చెడు రోజులకు రాళ్లు పెట్టించి, వరుసగా చెప్పించే నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ ఉంది, శరణార్థుల కోసమే రూపొందింది, నేను దానిని గౌరవిస్తాను. కానీ మీ పెద్దావిడ మీ ఊళ్లో ఎన్నాళ్లుంటారు? చలి తగ్గగానే, వారి కొత్త సంవత్సరమైన లోసార్ పండుగకు ముందే దుకాణం కట్టేసి కొండెక్కుతారు. రాళ్లన్నీ పైకి తీసి, మధ్యలో బస్సెక్కించి పంపడం ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో వెలువరించిన ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ పద్ధతి ఐదు సమావేశాల్లో ముగుస్తుంది, గతాన్ని తవ్వదు. ఇప్పటి సమస్యను పరిష్కరించుకోవడం, ఆగిపోయిన పనులను మళ్లీ మొదలుపెట్టడం, తోడును పెంచుకోవడం వంటి వాటి మీద నడుస్తుంది. మీకున్న వారాలకు అది సరిపోతుంది. అందులో శ్వాసకు సంబంధించిన భాగం ఉంది, దానికి పై హెచ్చరిక వర్తిస్తుంది.

ఒక్క మాట కఠినంగా చెబుతున్నాను, మన్నించండి. మీరు వివరాలు మార్చినా, ఇంత చిన్న సమాజంలో ఆమెను ఎవరైనా గుర్తుపట్టగలరు. ఆమె గురించి ఇంతకు మించి ఇక్కడ రాయకండి.

జవాబు: బారువ రేవు (సోంపేట)

నేను వైద్యుడిని కాను, బడిపంతులును. శరణార్థి అంటే ఎక్కడివారో అన్నట్టు మనం మాట్లాడుకుంటున్నాం గనుక మా ఇంటి సంగతి ఒకటి రాయాలనిపించింది.

మా ముత్తాతల కాలంలో బారువ, కళింగపట్నం రేవుల నుంచి ఓడలెక్కి రంగం వెళ్లేవారు. రంగూన్‌ను మా వైపు పెద్దలు ఇప్పటికీ రంగం అనే అంటారు. అక్కడ ఓడరేవులో మూటలు మోసిన చేతులు చాలావరకు మనవే, 1930 మే నెలలో జరిగిన అల్లర్లలో చచ్చిపోయినవారిలోనూ మనవాళ్లున్నారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు వేశాక లక్షలమంది కాలినడకన అడవులు, కొండలు దాటి వచ్చారు. మా మామ్మ అలా వచ్చింది. 1962లో బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలను జాతీయం చేశాక మరొక విడత వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ విడత మిగిల్చినదే.

మామ్మను "ఎలా నడిచి వచ్చావు" అని మేము ఎన్నిసార్లు అడిగినా "ఏముందిరా, నడిచాం, వచ్చాం" అనేది. అడిగితే చెప్పలేదు. చింతపండు పిక్కలు తీసేటప్పుడు, చేతులు పనిలో ఉండి ఎవరి ముఖమూ ఎవరూ చూడని వేళ, దానంతట అదే ఒక ముక్క వచ్చేది. దారిలో ఒకచోట నీళ్లు లేక ఆకుల మీద మంచు నాకారని ఒక ఏడాది తెలిసింది. ఆమె చెల్లెలు ఒకరు ఉండేవారని మరొక ఏడాది తెలిసింది. ఆ చెల్లెలి పేరు నాకు ముప్పై ఏళ్లు వచ్చాక గాని తెలియలేదు. ఏటా పెద్దలకు పెట్టుకునే రోజున ఆమె ఒక విస్తరి ఎక్కువ వేసేది, ఎవరికని మేము అడిగేవాళ్లం కాదు.

కోట బురుజు గారు, చంపావతి గారు చెప్పిన పద్ధతుల గురించి నేను చెప్పగలిగినది లేదు. ఆ పెద్దావిడ మీకు చెప్పకపోవడం మీ మీద నమ్మకం లేక కాకపోవచ్చు, ఆ మాటలకు కూడా ఒక వేళ ఉంటుందేమో చూడండి. ఆమె చేతులకు ఏదైనా పని ఉండేలా చూడండి.

ప్రశ్న అడిగినవారు: నాగావళి గట్టు (శ్రీకాకుళం)

మూడు వారాల తరువాత రాస్తున్నాను. చంపావతి గారి హెచ్చరికను పాటించి ఆమె గురించి కొత్త వివరాలేవీ చెప్పను, నేను చేసిన పని మాత్రమే చెబుతాను.

ముందుగా దుకాణానికి వెళ్లి, నా తొందరపాటుకు మన్నించమని అడిగాను. గుండె పరీక్షలు చేయించాం, భయపడవలసినది లేదన్నారు. ఫారం పక్కన పెట్టి, ఏం రాసుకుంటానో, ఆ పుస్తకం ఎక్కడ ఉంటుందో, ఎవరూ చూడరని ఎలా చెప్పగలనో అనువాదకుని ద్వారా వివరించాను. ఆ మాటకు ఆమె ముఖంలో వచ్చిన మార్పును చూశాక, నా దగ్గరకు వచ్చే తెలుగువారికి కూడా నేను ఇది ఏనాడూ సరిగా చెప్పలేదని గుర్తించాను.

బారువ రేవు గారూ, మీ మాట పుణ్యమా అని బల్ల తీసేశాను. ఆమె ఊలు తెచ్చుకుంటోంది. అల్లుతూ కూర్చుంటుంది, నేను పక్కన కూర్చుంటున్నాను. "గాలి ఎప్పుడు ఎక్కుతుంది" అని మాత్రమే అడిగాను. ఆ ప్రశ్నకు జవాబు ఒక సమావేశమంతా సాగింది, అందులో 1959 ఒక్కసారి కూడా రాలేదు. ఇప్పటి ఇల్లు, ఇప్పటి పిల్లలు, వారు వెళ్లిపోతున్న దూరదేశాలు, తన తరువాత దీపం పెట్టేది ఎవరన్న దిగులు వచ్చాయి. నేను ఆమెను కొండల మీద వెతుకుతూ ఉంటే ఆమె ఇక్కడే, ఈ ఏడాదిలోనే కూర్చుని ఉంది.

ఐదింటిలో మూడు సమావేశాలు అయ్యాయి. కొండెక్కే ముందు మిగిలిన రెండూ పూర్తి చేస్తాం. అక్కడికి వెళ్లాక రాత్రివేళ అవసరమైతే పిలవడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416ను కూతురి ఫోన్‌లో పెట్టించాను, హిందీలో మాట్లాడవచ్చని చెప్పాను. వచ్చే చలికాలం మళ్లీ వస్తామన్నారు. మందులు, ఆమ్చి సలహాలు కలిపి ఎలా నమోదు చేయాలో కోట బురుజు గారు వీలైతే విడిగా రాయగలరా? ఆమె సంచిలో మూడు రకాల గోలీలు ఉన్నాయి, వాటి మీద రాసి ఉన్నది నేను చదవలేకపోతున్నాను.